పన్నెండు చొక్కాలు

“వీటి మీద నేను కత్తెర పెట్టను చెల్లెమ్మా. ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్ళు,” అన్నాడు దర్జీ.

బ్యాంకాయన భార్య తెచ్చిన మూట బల్ల మీద విప్పి ఉంది. పన్నెండు చొక్కాలు. పన్నెండూ ఈ కొట్లో, ఈ మిషను మీద పుట్టినవే. వాటిని కత్తిరించి కూరగాయల సంచులు కుట్టిపెట్టమంటోంది ఆవిడ.

ఆవిడ పట్టుబట్టిందంటే ఇక అంతే. తన గడప లోపలికి ప్లాస్టిక్ కవరు రాకూడదని నెల క్రితం తీర్మానించింది. అప్పటి నుంచి పాలకి క్యాను, పప్పులకి డబ్బాలు, కూరగాయల తొక్కలకి బాల్కనీలో ఓ మట్టి కుండీ. సంచుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. కొత్తవి కొంటే మళ్ళీ కొత్త బట్ట దండగ. ఇంట్లోనేమో చొక్కాలతో బీరువా తలుపు పడటం లేదు. మూడు నెలలకొకటి కుట్టించుకునే మొగుడుంటే ఎలా పడుతుంది? ఆయన వేసుకోవడానికి నాలుగుంచి, మిగతావి మూటకట్టి పట్టుకొచ్చింది.

దర్జీకి ఈ లెక్కలేవీ తలకెక్కలేదు. ఈ వీధిలో ఒకప్పుడు నలుగురు దర్జీలుండేవారు. రెడీమేడ్ కొట్లు వచ్చాక ముగ్గురు మూటాముల్లె సర్దుకున్నారు. ఇతనికి మిగిలింది జిప్పులు మార్చడం, ప్యాంట్ల అంచులు మడవడం. చొక్కా గుడ్డ చంకన పెట్టుకుని ఈ కొట్టు మెట్లెక్కే మనిషి ఇప్పుడు బ్యాంకాయన ఒక్కడే. ఆ ఒక్కడి ధైర్యంతోనే బోర్డు మీద ‘షర్ట్ స్పెషలిస్ట్’ అన్న ముక్కని చెరపకుండా ఉంచాడు. ఈ చొక్కాలూ సంచులైపోతే తను ఇంకేం దర్జీ?

ఒక్కో చొక్కా తీసి చూపించాడు. ఈ నీలిగళ్ళది బావగారు రిటైరైన రోజు వేసుకున్నది. ఈ సన్నచారలది కుట్టిన రోజున వాన ఎంతకీ తెరిపివ్వక, ఇద్దరూ ఈ బెంచీ మీదే కూర్చుని పొద్దుగూకేదాకా పాత కబుర్లు చెప్పుకున్నారు. ఈ గోధుమరంగు దానికి జేబు ఒకటా రెండా అని వారం రోజులు వాదులాడుకున్నారు.

“బావగారికి నా కుట్టు మొహం మొత్తిందా? ఉన్నమాట చెప్పమ్మా,” అన్నాడు చివరికి.

“మొత్తితే నిన్న మళ్ళీ గుడ్డ ఎందుకు కొంటారన్నయ్యా? రేపో ఎల్లుండో వస్తారు చూడండి,” అంది ఆవిడ. అంటూనే మిషను సూదిలోకి దారం ఎక్కించి పెట్టింది. కొట్టుకొచ్చినప్పుడల్లా అతనికి ఆ పని చేసిపెట్టడం ఆవిడకి అలవాటే.

తర్వాత మాట మార్చి, పెళ్ళైన కొత్తల్లోని సంగతి ఎత్తింది. అప్పట్లో చొక్కా కుట్టగా మిగిలిన ముక్కలతో ఇతనే ఊరికే ఓ సంచి కుట్టి ఇచ్చేవాడు. వీధిలోని ఆడవాళ్ళందరూ ఆ సంచులతోనే మార్కెట్టుకి వెళ్ళేవారు. మొగుడి ఒంటి మీద ఏ గళ్ళో, పెళ్ళాం చేతి సంచికీ అవే గళ్ళు. మొహం చూడక్కర్లేకుండా, సంచిని బట్టి ఎవరింటి ఆవిడో చెప్పేసేవాడు దర్జీ. కవర్లొచ్చాక ఆ సంచులు ఏమైపోయాయో ఎవరికీ పట్టలేదు. మిగిలిన ముక్కల్ని అతనూ చెత్తబుట్టలో వేయడం మొదలుపెట్టాడు.

“మీరు మానేసినదాన్నే మళ్ళీ మొదలుపెట్టమంటున్నాను. కొత్త పనేం కాదుగా?”

దర్జీకి నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు చెమర్చాయి. ఆ రోజుల మీద బెంగ అంతా ఒక్కసారి మీద పడినట్టయింది. సాయంత్రానికి రెండు సంచులు ఇస్తాను, నచ్చితేనే మిగతావి అన్నాడు. ఆవిడ నమ్మకంగా తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నీలిగళ్ళ చొక్కాని బల్ల మీద పరిచాడు. నడుం భాగం సంచికి, చేతులు రెండూ పట్టీలకి. పట్టీలు సమానంగా లేకపోతే సంచి ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకని రెండు చేతుల్నీ విప్పి ఒకదాని మీద ఒకటి ఉంచాడు. ఒకటి రెండోదానికన్నా రెండు వేళ్ళు పొడుగుంది. ఉతుకులో కుంచించుకుపోయిందేమోనని సన్నచారల దాన్ని తీశాడు. దానికి మూడు వేళ్ళు. కళ్ళద్దాలు తుడుచుకుని, తలుపు దగ్గర వెలుగులోకి వెళ్ళి మిగతావీ పరిచాడు. పన్నెండింటిలో ఒక్కదానికీ రెండు చేతులూ సమానంగా లేవు. మొన్న మొన్న కుట్టిన తెల్లదానికైతే ఏకంగా బెత్తెడు తేడా. సిగ్గుతో అతని ఒళ్ళు చచ్చిపోయింది.

ఎముకలు కొరికే చలిలో సైతం బావగారు చొక్కా చేతుల్ని మోచేతుల పైదాకా మడుచుకునే ఎందుకు వచ్చేవారో, ఇన్నాళ్ళకి దర్జీకి తెలిసింది.