మూడో మెట్టు

విల్మా కారును వాకిట్లోకి వెనక్కి నడిపి, ముక్కు రోడ్డు వైపు ఉండేలా ఆపింది. ఇళ్ళు అమ్మిపెట్టే డార్లీన్ పకపకా నవ్వింది.

"ఏంటి మేడమ్, కొనకముందే పారిపోయేలా ఉన్నారే!"

కాలిఫోర్నియా కొండవాలు. గడ్డి ఎండి గలగలమంటోంది. ముప్ఫై లక్షల డాలర్ల ఇల్లు మాత్రం నిగనిగలాడుతోంది.

"ఇక్కడ కార్చిచ్చు భయం లేదుగా?" అంది విల్మా.

"అబ్బే! అది ఈ వీధి మొహం కూడా చూడలేదు. ఇంటి నుంచి ఈతకొలను దాకా అన్నీ సరికొత్తవే."

కొలను మీద కప్పిన పట్టా ఇంకా తీయనేలేదు. విల్మా అటు చూసి, "సరే, కొంటాను. కొలనులో మూడో మెట్టు పలక ఊడింది, అదొక్కటి వేయించు," అంది.

డార్లీన్ పట్టా అంచు ఎత్తి చూసింది. నిజంగానే ఊడింది.

"మీకెలా తెలుసు?"

"మా పాత ఇల్లు ఇక్కడే ఉండేది. అది కాలిపోతుంటే కుక్కను చంకనేసుకుని, ఆ మెట్టు మీదే పీకల్లోతు నీళ్ళలో కూర్చున్నాను. కారు తిప్పేలోగా మంట రోడ్డెక్కేసింది మరి."

డార్లీన్ పట్టా అంచు వదిలేసింది. "అయినా... మళ్ళీ ఇక్కడేనా?"

"పిచ్చిపిల్లా, చూశావుగా! ఈసారి కారు తిప్పే పెట్టాను."