చేప లేని మేత

మేత గది తలుపుకు లోపల గడియ పెట్టి, మేత మాస్టారు డబ్బాలోంచి గుప్పెడు చేపపొడి తీసి సోయాపిండిలో కలిపేశాడు. వదిన కంటపడితే తన పని పొడిపొడే అని అతనికి తెలుసు.

చేపల ఫారం వదినది. మేత గది అతనిది. మేత మాస్టారు అన్నది పనివాళ్ళు పెట్టిన పేరు. ఇన్నేళ్ళూ సముద్రంలో పట్టిన చిన్న చేపల్ని ఎండబెట్టి, పొడికొట్టి, ఆ పొడితోనే తొట్లలో చేపల్ని పెంచుతూ వచ్చారు.

"చేపను పెంచడానికి బుట్టెడు చేపల్ని చంపడమేమిటయ్యా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది," అని వదిన ఒకరోజు ఆ పద్ధతికి మంగళం పాడేసింది. ఇక మీదట సోయాపిండి, బఠానీపిండి, నాచు. అంతే. అలా పెంచితే చేపలన్నీ మేమే కొంటామని ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది కూడా. షరతు ఒక్కటే. మేతలో చేప నలుసంతైనా ఉండకూడదు. ఉన్నట్టు తేలితే బేరం రద్దు.

వదిన కంపెనీకి మాటిచ్చేసింది. ఆ సంగతి చేపలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. కొత్త మేత గుళిక నోట్లో పడగానే తుపుక్కున ఉమ్మేసేవి. మాస్టారు తొట్టి గట్టున చతికిలబడి, "తినండమ్మా, ఒంటికి మంచిది," అని బతిమాలాడు. కోప్పడ్డాడు. ఒక గుళిక తను నోట్లో వేసుకుని నమిలి చూపించాడు కూడా. అవి అలిగిన ఆడపడుచుల్లా తోక తిప్పుకుని వెళ్ళిపోయాయి.

పెంచిన ప్రాణం కదా, చూస్తూ ఊరుకోలేకపోయాడు. అలా మొదలైంది గుప్పెడు పొడి. రుచి తగలగానే చేపలు నీళ్ళు పైకి లేచేలా ఎగబడ్డాయి. "చూశావా? అలవాటైతే అవే తింటాయని నే చెప్పలా!" అని వదిన మురిసిపోతుంటే, అతను తేలు కుట్టిన దొంగలా తలూపాడు.

ఇలా గుట్టుగా సాగిపోతుండగా ఒక ఉదయం కంపెనీ నుంచి ఫోనొచ్చింది. మేత పరీక్షించడానికి ఒకావిడ బయల్దేరిందట.

మాస్టారు పొడి డబ్బాను షెడ్డు వెనక పాతేసి, చేతులు చర్మం ఊడేలా తోముకుని వచ్చేసరికే ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. లావుపాటి కళ్ళజోడు, బిగించి కట్టిన ముడి, చేతిలో మూత బుట్ట.

"చేప లేని మేత ఇక్కడేనా అండీ?"

"ఇక్కడేనండీ. రండి, రండి," అంటూ వదిన ఎదురెళ్ళి, మేత గదిలోకి తీసుకొచ్చింది.

"నిజంగానే లేదు కదా? అడిగితే అందరూ లేదనే అంటారు. తీరా చూస్తే ఉంటుంది."

"రవ్వంత కూడా లేదండీ. కావాలంటే మా మరిదినడగండి."

మాస్టారు తోముకున్న చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు. "లే... లేదండీ."

"మీ మాట నేను నమ్ముతానండీ. వీడు నమ్మాలిగా," అంటూ ఆవిడ బుట్ట మూత తీసింది.

దిండంత పిల్లి ఒకటి బయటికొచ్చి, తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంది.

"వీడి ముక్కును మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు," అందావిడ గర్వంగా.

మాస్టారు ఒకసారి పిల్లినీ, ఒకసారి బస్తాల్నీ చూశాడు. మనిషి అడిగితే ఏదో ఒకటి బుకాయించవచ్చు. పిల్లికేం చెబుతాడు? గోడ పొడుగునా బస్తాలు. ఎందులో కలిపాడో, ఎందులో మరిచిపోయాడో, పనివాళ్ళు అటూ ఇటూ సర్దేశాక అతనికే తెలియదు.

పిల్లి మొదటి బస్తాను వాసన చూసి తుమ్మింది. రెండోదాని దగ్గర ఆగి, మళ్ళీ కదిలింది. అది ఆగిన చోటల్లా మాస్టారు ఊపిరీ ఆగింది. చివరికి మూలనున్న బస్తా చూడగానే దాని తోక నిటారుగా లేచింది. ఒక్క గెంతున పైకెక్కి, ముందుకాళ్ళతో పిసికి, చిరుగులోంచి రాలుతున్న పిండిని కళ్ళు మూసుకుని నాకడం మొదలెట్టింది. గుర్రుగుర్రుమంటూ ఒకటే ఆనందం.

"హమ్మయ్య, దొరికింది!" అందావిడ.

"దొరికిపోయానండీ!" అంటూ మాస్టారు నేల మీద కూలబడ్డాడు. "నేనే కలిపాను చేపపొడి! మా వదినకేం తెలీదు. ఆ తల్లిని ఏమీ అనకండి!"

చీపురు వదిన చేతికందేంత దూరంలోనే ఉంది. మాస్టారు తల రెండు చేతులతో కప్పుకున్నాడు. దెబ్బ పడలేదు. మెల్లగా కళ్ళు తెరిస్తే, వదిన పక్క బస్తా మీద కూర్చుని ఉంది.

"నువ్వు కూడానా?" అంది నీరసంగా.

"కూడానా అంటే?"

"నువ్వు భోజనానికి వెళ్ళగానే రోజూ నేనో గుప్పెడు వేస్తున్నానయ్యా. అవి ఉమ్మేస్తుంటే కడుపు తరుక్కుపోయింది. అన్ని నీతులు చెప్పి, మళ్ళీ నీతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఎంత పని చేశావు వదినా! అందుకేనా అవి అలా గుమ్మడికాయల్లా తయారయ్యాయి!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ వెంటనే పోబోయే బేరం గుర్తొచ్చి, నవ్వు కాస్తా ఎగిరిపోయింది. వదిన కొంగుతో మొహం తుడుచుకుని లేచి, ఆవిడ ముందు చేతులు జోడించింది.

"చూసింది చూసినట్టు మీ కంపెనీకి చెప్పేయండమ్మా. తప్పు మా ఇద్దరిదీ."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కంపెనీ ఏంటండీ? నేను వెనక వీధిలో బట్టలు కుట్టుకుంటాను, చేప వాసన తగిలితే చాలు మా వాడికి వాంతులు, చేప లేని మేతేదో మీ దగ్గరుందంటే అడుగుదామని వచ్చాను... ఇదిగో, వాడెక్కి కూర్చున్న ఆ ఒక్క బస్తా ఇప్పించండి చాలు!"