చప్పుడు తీసేసిన సీడీ

జోన్‌జు, నవంబరు 12, 2019.

దాన్‌బీ, మీ తాతయ్య కవితల సీడీలు శుక్రవారం తయారీకి వెళ్తాయి. ఫోనులో చెబితే మరిచిపోతావని కార్డు రాస్తున్నాను.

ఆయన చదివిన పాత టేపుల నిండా ఉన్న టకటక చప్పుడు తీసెయ్యమన్నది నేనే. "ఉంచుదాం అమ్మమ్మా, బాగుంది" అన్నావు. "జనం మీ తాత కవిత్వం వినాలా, నా చెల్లెలు ముడతలు పోవడానికి రాతిమీద బట్టలు దంచే మోత వినాలా?" అని నీ నోరు మూయించాను.

శుభ్రం చేసిన సీడీని నిన్న ఆ చెల్లెలికే, పిల్సున్‌కే, వినిపించాను. తల వంచుకుని విన్నది. రెండు చేతులూ దంపుడు కర్రలు పట్టుకున్నట్టు ఒళ్లో కదులుతూనే ఉన్నాయి.

"అక్కా, ప్రతి పాదం చివరా బావ నా దెబ్బ కోసం ఆగేవాడు. ఇందులోనూ ఆగుతున్నాడు పాపం. ఆ రోజుల్లో నేను ఇంట్లో లేనా?" అంది.

అందుకే, నువ్వు చెయ్యాల్సినవి ఇవి:

1. సీడీల తయారీ ఆపించు.
2. చప్పుడంతా తిరిగి పెట్టు. ఒక్క దెబ్బ తగ్గినా ఒప్పుకోను.
3. అట్టమీద తాతయ్య పేరు కింద, అదే సైజు అక్షరాల్లో, "తాళం: పిల్సున్" అని వేయించు.
4. మొదటి సీడీ నువ్వే తెచ్చి ఆమె చేతిలో పెట్టు. నాకు ముఖం చెల్లడం లేదు.