లాంతరు ఇంట్లోనే ఉండాది

“రాసుకో పాపా. తప్పు ఆయప్పదే” అంది మస్తానాబీ.

రెబెకా పెన్ను కదపలేదు. ఒక విదేశీ యూనివర్సిటీ చేస్తున్న భూగర్భజలాల పరిశోధనకు ఇక్కడి పనులు చూసేది ఆమే. వాళ్లు పంపిన ఫారంలో ఒక్క ప్రశ్న మిగిలింది: చనిపోయిన వ్యక్తి భద్రతా నియమాలన్నీ పాటించాడా? లేదని రాస్తే యూనివర్సిటీకి ఈ చావుతో సంబంధం ఉండదు.

మస్తానాబీ భర్త శింగనమల చుట్టుపక్కల ముప్పై ఏళ్లు బావుల్లో పూడిక తీసినవాడు. పరిశోధన కోసం ఒక పాడుబావి లోతు కొలవడానికి దిగి, అడుగున గాలాడక ప్రాణం వదిలాడు.

“ముందు లాంతరు దించుతాడు పాపా. అది ఆరిపోతే లోపల గాలి లేదని ఇంక దిగడు. పెండ్లయినప్పట్నుంచి చూస్తాండా, ఒక్క దినం మరిచింది లేదు. ఆపొద్దే ఈడ వదిలిపెట్టి పోయినాడు. నేనన్నా చేతికియ్యలేదు.”

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయిపోయినా ఆమెది అదే మాట.

రెబెకా ఫారం వెనక్కి తిప్పి, దానికి జతచేసిన పాత ఒప్పందం నకలు చూసింది. పాడుబావి ముఖం చూడనివాళ్లు ఎక్కడో కూర్చుని రాసిన పదకొండు నియమాలు. తెలుగులో అతనికి చదివి వినిపించింది తనే. కింద అతని సంతకం. తొమ్మిదోది: పనిచేసేచోటికి నిప్పు తేకూడదు.

ముందువైపు తిప్పి, ప్రశ్న కింద “అన్నీ పాటించాడు” అని రాసింది.

“మరిచిపోలేదక్కా” అంది. “లాంతరు తేవద్దని చెప్పింది నేనే.”