ఉప్పు వేయకముందే

డైటీషియన్‌కి ఆ రోజు అది ముప్ఫై ఒకటో పేషెంటు. మాట్లాడి మాట్లాడి నోరెండిపోయింది.

ఎదురుగా టైలరమ్మ. గుండె జబ్బు. పాదాలు మళ్లీ వాచిపోయాయి.

“ఉప్పు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఈసారి మంచమెక్కితే దిగడం కష్టం.”

“నాకు మాత్రం బతకాలని లేదా బాబూ? ఇంట్లో ఏడుగురం. చప్పగా వండితే ఒక్కరూ ముట్టరు. నాకొక్కదానికే వేరే వండుకుంటే మహారాణి అయిపోయిందంటారు. అందరికీ ఉప్పు చూసేది నేనే. మిగిలింది పారేయలేక తినేదీ నేనే.”

అతను ఫైల్లో ‘మాట వినదు’ అని రాశాడు.

తలుపు పక్కన బెంచీ మీద ఒకావిడ నిట్టూర్చింది. యాభై దాటుంటాయి. చేతిలో ఫైలు లేదు.

“మీ నంబరెంతమ్మా?”

“నాకు నంబరు లేదు బాబూ.”

“మరి ఊరికే కూర్చోడానికి ఇదేమన్నా పార్కా? లేవండి, లేవండి.”

ఆవిడ లేచింది. టైలరమ్మ వెనకాలే నడిచింది.

నెల తిరిగేసరికి టైలరమ్మకి వాపు తగ్గింది. బీపీ దిగింది.

“చూశారా, నా చార్టు మహిమ!”

“మీ చార్టు పిండి డబ్బా కింద పడుంది బాబూ. ఆ బెంచీ ఆవిడ మా ఇంటికొచ్చింది. కూర ఉడకగానే, ఉప్పు వేయకముందే నా గిన్నెలోకి తీయించింది. ఉప్పు చూసే పని మా కోడలికి అప్పజెప్పింది. ‘నీకు దణ్ణం పెడతా తల్లీ, మీ అత్తని ఇంక ఉప్పు అడక్కు’ అని దాని చేతులు పట్టుకుంది. వారం రోజులు నా పక్కన కూర్చుని ఆ చప్పిడి కూడే తనూ తింది. ఆవిడ ఇలా ఇంటికెళ్లి దారిలో పెట్టిన నాలాంటివాళ్లు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారట.”

అతను లేచి తలుపు దగ్గరికొచ్చి చూశాడు.

బయట బెంచీ నిండా వాచిన కాళ్లే. ఆవిడ లేదు.

ఆయాని పిలిచాడు. “ఫైలు లేకుండా ఈ బెంచీ మీద కూర్చునే ఆవిడేదీ? ఇకనుంచి నా పక్కనే కుర్చీ వేయి.”

“ఇంకెక్కడి ఆవిడ సార్! మీరు పొమ్మన్నారని వాచ్‌మన్ మళ్లీ లోపలికి రానివ్వలేదు. నాలుగు రోజులు గేటు దగ్గర నిలబడింది. తర్వాత రాలేదు.”

“ఎవరావిడ? ఎక్కడైనా నర్సుగా చేసిందా?”

“అదేం లేదు సార్. నా దగ్గర కూర్చుని ఒకసారి ఏడ్చింది. పోయినేడు మన వార్డులో ఇలాగే కాళ్లు వాచి ఒక పెద్దావిడ పోయిందే… ఆవిడ వండిన కూర చప్పగా ఉందని పూటపూటా కంచం తోసేసిన కోడలు ఈవిడేనట.”