ముందు వరస

బోధన్‌లో బస్సెక్కే ముందు డ్యాన్స్ మాస్టర్ చెప్పాడు. "ముందట షాజియా ఉంటది. నువ్వు ఎనక వరసల నిలవడు."

అప్పటిదాకా ముందు వరసలో ఉన్నది వినీతే. తనకు జ్వరమొస్తే అక్కరకొస్తుందని ఆయన అంటేనే షాజియాకు తన అడుగులన్నీ నేర్పింది.

"గిట్ల మోసం జేస్తరా సార్?"

ఆయన తల దించుకుని బస్సెక్కాడు.

నిజామాబాద్‌లో స్టేజీ వెనక షాజియా ముందు వరస ఎర్ర డ్రెస్సు వేసుకుంది. వినీతకంటే జానెడు పొడుగు పిల్ల. అయినా డ్రెస్సు బిగుతు కాలేదు, కురచ కాలేదు.

దాన్ని కుట్టింది వినీత అమ్మ. వినీత వేసి చూస్తానంటే, స్టేజీ ఎక్కేటప్పుడే వేసుకొమ్మని దాచిపెట్టింది.

వినీత ఫోన్ చేసింది. "షాజియా కొలతలు ఎప్పుడు తీస్కున్నవమ్మా?"

అవతల కుట్టుమిషను ఆగింది.

"సార్‌నేమనకు బిడ్డా, నిన్ను ఎనక పెట్టుమని నేనే జెప్పిన. ముందటున్న పిల్లనే లోకమంత సూస్తది, నాకు భయమైతది."