చిన్న అడుగులు

"కాస్త ముందుకు నడవండి మామ్మగారూ!"

శ్రీకళ విసుగు దాచుకోలేదు.

"ఆయ్, నడుస్తున్నానండి," అంటూనే ముసలావిడ మరీ నెమ్మదించింది.

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు. వారానికి ఏడు ప్రదక్షిణలు.

శ్రీకళకు ఇది ఆరో వారం. ఆరు వారాలుగా ఈవిడే అడ్డం. పక్కనుంచి దాటబోతే మోచెయ్యి చాపేది.

కాన్పై ఐదు నెలలైనా శ్రీకళకు నడుం కింద నొప్పి తగ్గలేదు. మంచం మీద ఒత్తిగిలితే ఎముక చీలినట్టుండేది. బిడ్డను ఎత్తుకుని రెండు మెట్లు ఎక్కలేకపోయేది.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.

"మేమూ కన్నాం," అంది అత్తగారు రాజేశ్వరమ్మ.

అమలాపురంలో ఫిజియోథెరపీ ఆవిడ మాత్రం, కాన్పుకు వదులైన కటి కీళ్ళు ఇంకా కుదురుకోలేదని చెప్పి, కాగితం మీద జాగ్రత్తలు రాసిచ్చింది.

ఇంత నొప్పికి ఒక కాగితమా? మడిచి సంచిలో పడేసి, శ్రీకళ మొక్కు మొదలుపెట్టింది.

"చిన్న అడుగులు వెయ్యండమ్మా," ముందు నడుస్తూనే అంది ముసలావిడ. "చెప్పులు కూర్చుని వేసుకోండి, ఒంటికాలి మీద వద్దు."

"మీరేమన్నా డాక్టరాండీ?"

"కాదండీ బాబూ. నేనూ కన్నదాన్నే."

మళ్ళీ అదే మాట. శ్రీకళకు ఒళ్ళు మండింది.

"ఇంటి దగ్గర పసిదుంది. మీలా తీరిగ్గా తిరగడం నాకు కుదరదు. వచ్చే వారమైనా నా ముందుకి రాకండి."

ముసలావిడ నవ్వింది. "ఆయ్, అలాగేనండి."

ఏడో శనివారం ఆవిడ లేదు.

శ్రీకళ పెద్ద పెద్ద అంగలు వేసింది. మూడో చుట్టులో నడుం కింద కీలు పట్టేసింది. గోడ పట్టుకుని కూలబడింది.

ఆరు వారాలు ఏడేసి చుట్లు తిరిగిన కాళ్ళేనా ఇవి?

చాలాసేపటికి కుంటుకుంటూ బయటికి వచ్చింది. చెప్పుల దగ్గర ఒకమ్మాయి ఎదురుచూస్తోంది.

"ఎర్ర సంచి, కుంటు నడక... మీరేనాండీ? నేను దుర్గాసాయినండి. మీ ముందు నడిచేవారే, ఆవిడ మనవరాల్ని. మైలలో ఉన్నాం, లోపలికి రాకూడదని ఇక్కడే ఆగేను."

"మైలా?"

"మంగళవారం మామ్మ పోయిందండి."

ఆ అమ్మాయి ఒక వెడల్పాటి గుడ్డపట్టీ చేతిలో పెట్టింది.

"మీకోసమే కుట్టింది. నడుముకి కాదండి, కిందకి, తుంటి చుట్టూ బిగించుకోవాలట. మా నాన్న పుట్టినప్పుడు తనకీ ఇదే నొప్పంట. బద్ధకం అనేవారంట అందరూ."

శ్రీకళ పట్టీని తుంటికి ఆనించి చూసుకుంది.

"పాపం, ఆవిడకి ఏడో వారం మిగిలిపోయిందా?"

"లేదండీ. మామ్మ మొక్కు మీరు మొదలెట్టిన వారమే తీరిపోయింది. తర్వాత ఐదు వారాలూ మీ ముందు నడవడానికే వచ్చింది."